సున్నతో భాగహారము: వెల చెప్పని బేరము

సున్నతో భాగించరాదు. ఈ నియమమును మనము ప్రాథమిక పాఠశాలలోనే వింటాము. పట్టభద్రులమయ్యేవరకు ఏటేటా వింటూనే ఉంటాము. ఎందుకు భాగించరాదో మాత్రము మనలో చాలమందికి ఎవరును చెప్పలేదు. గురువులు చెప్పినారు, మనము నమ్మినాము, మార్కులు వచ్చినవి, కథ ముగిసినది.

ఇటీవల బి.యస్సీ. రెండవ సంవత్సరము చదువుచున్న ఒక విద్యార్థి నాకొక నోటుపుస్తకము తెచ్చి ఇచ్చినాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టలులో ఉండి, పగలు కళాశాలకు, సాయంకాలము పోటీపరీక్షల కోచింగుకు పోవు వందలాది పిల్లలలో అతడొకడు. కోచింగు కాగితములలో 1÷0 అనంతమని ఉన్నది. కళాశాల పుస్తకములో దానికి అర్థమే లేదని ఉన్నది. ఏది నిజమని అడిగితే, పరీక్షకు అది అవసరము లేదని జవాబు వచ్చినదట. ఊరకుండలేక అతడు నలుబది పుటలలో సున్నతో భాగించుటకు ఒక కొత్త గణితమునే కట్టినాడు. “ఇందులో తప్పెక్కడున్నదో చెప్పండి సార్” అన్నాడు.

“సున్నతో భాగించరాదు, పో” అని పుస్తకము తిరిగి ఇచ్చివేయుట సులభము. కాని అది విమర్శ కాదు. గణిత విశ్లేషణలో ఇట్టి విపరీత భావములు పదమూడు వందల ఏండ్ల నుండి పుట్టుచునే ఉన్నవి. వానిలో కొన్ని కాలిపోయినవి, కొన్ని శాస్త్రమునకు మూలస్తంభములైనవి. ఏది నిలుచును, ఏది కూలును అని తేల్చుటకు ఒక ఒరపిడిరాయి కావలెను. ఆ రాయి ఏదో తెలిసికొనుటకే ఈ వ్యాసము.

నోటుపుస్తకములోని నాలుగవ పుట

భాగహారము గుణకారమునకు తిరుగుదారి. 12ను 3చే భాగించుట అనగా, 3చే గుణించినప్పుడు 12 అగు సంఖ్యను వెదకుట. అది 4. మరి 12ను సున్నచే భాగించుట అనగా, సున్నచే గుణించినప్పుడు 12 అగు సంఖ్యను వెదకుట. అట్టిది లేదు. సున్నను సున్నచే భాగించుటలో చిక్కు మరొక తీరుది. సున్నచే గుణించినప్పుడు సున్న అగు సంఖ్య ఏది? 5 అగును, 500 అగును, ప్రతి సంఖ్యయు అగును. మొదటిచోట జవాబు లేదు. రెండవచోట జవాబులు మితిమీరినవి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు, ఒకే మందుతో కుదరవు.

మా విద్యార్థి వాదము ఇది: “జవాబు లేకపోతే కల్పించుకొందము. 3 నుండి 5 తీసివేయుటకు ఒకప్పుడు జవాబు లేదు, ఋణసంఖ్యలను కల్పించుకొన్నాము. 3ను 5చే భాగించుటకు లేదు, భిన్నములను కల్పించుకొన్నాము. ఇప్పుడు 1÷0 అను సంఖ్యను కల్పించి, దానికి ‘ఖ’ అని పేరు పెట్టెదను.” ఈ వాదము తెలివితక్కువది కాదు. సంఖ్యల చరిత్ర అంతయు ఇట్లే నడిచినది.

ఖ అనగా 1÷0 గనుక, 0×ఖ = 1 కావలెను. నాలుగవ పుటలో అతడు 2×0×ఖ విలువను కట్టినాడు. మొదట 2×0 చేసిన సున్న వచ్చును. సున్నను ఖచే గుణించిన 1 వచ్చును. అట్లుగాక మొదట 0×ఖ చేసిన 1 వచ్చును. 2×1 చేసిన 2 వచ్చును. ఒకే లబ్ధము ఒక దారిలో 1, మరొక దారిలో 2. గుణకారములో ఏ జతను ముందు గుణించినను ఫలము మారదను సహచర్య నియమమును వదలుకొననిదే ఖ నిలువదు. వదలుకొననంటే 1 = 2; అప్పుడు సంఖ్యలన్నియు ఒక్కటే అగును. అతడు ఆ రెండు జవాబులను పక్కపక్కనే వ్రాసి, మధ్య ఒక ప్రశ్నార్థకము పెట్టి, పుట తిప్పినాడు. మిగిలిన ముప్పది ఆరు పుటలు ఆ ప్రశ్నార్థకము మీద కట్టిన మేడ.

మహావీరుని రెండు తీర్పులు

ఈ తప్పు చేసినవారిలో మావాడు మొదటివాడు కాడు, మహామహులే చేసినారు. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతములో సున్నను సున్నచే భాగించిన సున్న అన్నాడు. ఇతర సంఖ్యలను సున్నచే భాగించినప్పుడు, సున్న హారముగా గల రాశి అని చెప్పి ఊరకున్నాడు. రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమున, సుమారు 850లో, గణితసారసంగ్రహము రచించిన మహావీరాచార్యుడు మరొక అడుగు ముందుకు వేసినాడు. ఏ రాశినైనను సున్నచే గుణించిన సున్న అగుననియు, సున్నచే భాగించిన ఆ రాశి మారకయే ఉండుననియు ఆయన నియమము.

ఈ గ్రంథము తెలుగువారికి పరాయిది కాదు. పావులూరి మల్లన దీనినే తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. పావులూరి గణితమని మనవారు చెప్పుకొనునది అదియే. సంస్కృత మూలమును రంగాచార్యులవారు ఇంగ్లీషు అనువాదముతో 1912లో మద్రాసులో ప్రకటించినారు. మన భాషలో గణితశాస్త్రమునకు పునాది వేసిన సంప్రదాయమునకు మూలమైన గ్రంథము గనుక, దానిని గౌరవించుటతోపాటు పరీక్షించుట కూడ మన విధియే.

మహావీరుని తీర్పు పైకి సబబుగానే తోచును. పన్నెండు మామిడిపండ్లున్నవి, పంచుకొనువారు ఎవరును లేరు, పండ్లు బుట్టలో అట్లే ఉన్నవి. కావున 12÷0 = 12! కాని పండ్లు అట్లే ఉండుట పంచుట కాదు, పంచకపోవుట. పండ్లన్నియు ఒక్కరికే దక్కినప్పుడు కదా వాటా 12 అగును? అది 12÷1. పైగా 12÷0 = 12 అయినచో, తిరుగుదారిన 12×0 = 12 కావలెను. సున్నచే గుణించిన సున్న అని ఆ నియమములోనే చెప్పినాడు. రెండు మాటలు పరస్పరము పొసగవు.

ఇక్కడ ఒక చిత్రమున్నది. ఆ గ్రంథములోనే మహావీరుడు మరొక తీర్పు చెప్పినాడు: ఋణరాశి స్వభావముచే వర్గము కాజాలదు గనుక దానికి వర్గమూలము లేదు. సున్నతో భాగించవచ్చునన్నాడు, ఋణసంఖ్యకు వర్గమూలము లేదన్నాడు. చరిత్ర ఈ రెండు తీర్పులను తలక్రిందులు చేసినది. నేడు ఋణ ఒకటికి వర్గమూలము లేనిదే విద్యుచ్ఛాస్త్రము నడువదు, క్వాంటమ్ సిద్ధాంతము నడువదు. సున్నతో భాగహారము మాత్రము నిషేధముగానే నిలిచినది. రెండును లేని సంఖ్యలే కదా! ఒకదానికి పౌరసత్వమిచ్చి, రెండవదానిని గుమ్మములోనే ఎందుకు నిలిపినాము?

కారణము వెలలో ఉన్నది. 1572లో బొంబెల్లి అను ఇటలీ గణితజ్ఞుడు ఒక ఘనసమీకరణమును పరిశీలించినాడు: ఒక సంఖ్య యొక్క ఘనము, ఆ సంఖ్యకు 15 రెట్లకు 4 కలిపినదానితో సమానము. జవాబు 4 అని చూచుటతోనే తెలియును; 64 = 60 + 4. కాని సూత్రము ప్రకారము పోయిన దారిలో ఋణ 121కి వర్గమూలము అడ్డు వచ్చును. బొంబెల్లి ఆ లేని సంఖ్యలను మామూలు నియమములతోనే కూడి గుణించి చూడగా, చివరకు అవి పరస్పరము కొట్టుకొనిపోయి 4 మిగిలినది. సంకలనము, గుణకారము, భాగహారముల నియమములలో ఒక్కటియు చెడలేదు. పోయినది ఒక్కటే: రెండు సంఖ్యలలో ఏది పెద్దదని అడుగు హక్కు. సంకీర్ణ సంఖ్యలను నియమములకు భంగము లేకుండ చిన్న పెద్దల వరుసలో నిలుపలేము. అది పెద్ద వెలయే. కాని దానికి బదులు వచ్చిన సొత్తు అంతకంటె పెద్దది. ఖకు అడిగిన వెల అట్టిది కాదు. అది గుణకారమునే అడుగుచున్నది.

ఇదియే మన ఒరపిడిరాయి. ఏ కొత్త భావము వచ్చినను మూడు ప్రశ్నలు వేయవలెను. పాత నియమములలో దేనిని వదలితివి? వదలి ఏమి పొందితివి? పాత ఫలితములు తమ చోట తాము నిలిచినవా?

ఎల్.బి.నగర్ నుండి బయలుదేరిన రైలు

సున్నతో భాగహారము అంత కూడనిదైతే, కలనగణితము ఎట్లు పుట్టినదని చదువరులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే.

2018 సెప్టెంబరు నుండి ఎల్.బి.నగర్ మెట్రో స్టేషను నుండి రైళ్లు దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నగరములోనికి పోవుచున్నవి. బయలుదేరిన కొద్ది సెకండ్లలో రైలు పోయిన దూరము, మీటర్లలో, సెకండ్ల వర్గములో సగమనుకొందము. 4 సెకండ్లకు 8 మీటర్లు. సరిగా ఆ నాలుగవ సెకండు చివర వేగమెంత? మరి ‘హ’ సెకండ్లు గడచిన తరువాత, అదనముగా పోయిన దూరము 4×హ, దానికి తోడు హ వర్గములో సగము. దీనిని హచే భాగించిన సగటు వేగము 4 + హ÷2. ఇప్పుడు హ సున్న అనుకొన్నచో వేగము సెకండుకు 4 మీటర్లు. జవాబు సరియైనదే. కాని మొదటనే హ సున్న అనుకొనినచో మన చేతిలో ఉండునది 0÷0. భాగించునప్పుడు సున్న కాదని, భాగించిన తరువాత సున్న అని చెప్పుట ఏమి న్యాయము? 1734లో బర్క్‌లీ అను క్రైస్తవ మతాచార్యుడు న్యూటన్ పద్ధతిని ఈ ప్రశ్నతోనే నిలదీసినాడు. ఆయన ఉద్దేశము మతరక్షణ కావచ్చును. ప్రశ్న మాత్రము గణితమునకు మేలు చేసినది.

మన భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో ఇట్టి లెక్కనే ఇచ్చినాడు. ఒక సంఖ్యను సున్నచే గుణించి, వచ్చినదానికి దాని సగమును కలిపి, 3చే గుణించి, సున్నచే భాగించగా 63 వచ్చినది. ఆ సంఖ్య ఏది? ఆయన జవాబు 14. సున్నను వెంటనే సున్నగా మార్చక, గుణకముగా అట్లే నిలిపి, చివర సున్నతో కొట్టివేసిన, సంఖ్యకు నాలుగున్నర రెట్లు 63; కావున 14. సున్న నిజముగా సున్నయే అయినచో ఈ లెక్కకు అర్థము లేదు. దాని స్థానమున మిక్కిలి చిన్నదైన, సున్న కాని రాశి ఉన్నచో 14 అక్షరాల నిజము. ఇట్టి లెక్క గ్రహగణితములో ఉపయోగపడునని కూడ ఆయన చెప్పినాడు. భావము సరియైనది, దానికి పేరు తప్పు పెట్టినాడు.

సరియైన పేరు పెట్టుటకు చాల కాలము పట్టినది. 1821లో కోషీ, తరువాత వైయర్‌స్ట్రాస్, అవధి అను భావముతో బర్క్‌లీకి జవాబు చెప్పినారు. హ ఎన్నడును సున్న కాదు, సగటు వేగమును 4కు ఎంత దగ్గరగా కోరినను, హను తగినంత చిన్నది చేసి అంత దగ్గరకు తేగలము, అంతే. మరల 1960 దశకములో అబ్రహాం రాబిన్‌సన్, అందరును పాతిపెట్టిన అత్యల్ప రాశులను తర్కశాస్త్రబలముతో బ్రతికించినాడు. ఆయన గణితములో హ సున్న కాదు, అయినను ఏ మామూలు ధనసంఖ్య కంటెను చిన్నది. దానిచే నిర్భయముగా భాగించవచ్చును. చివర దగ్గరలోని మామూలు సంఖ్యను తీసికొన్న 4 వచ్చును.

ఇంతకంటె విపరీతమైన భావమేమున్నది? అయినను గణితలోకము దానిని అంగీకరించినది. ఏలయన, మూడు ప్రశ్నలకును ఆయన వద్ద జవాబున్నది. వదలినది ఆర్కిమిడీస్ నియమము: అత్యల్ప రాశిని తనకు తాను ఎన్నిసార్లు కూడినను 1ని దాటదు. ఆ నిర్మాణమునకు ఎంపిక స్వీకృతము వంటి సాధనము కావలెను, అదియు దాచలేదు. పొందినది లైబ్నిట్జ్ కాలపు సులభమైన ఊహాపద్ధతి. పాత ఫలితములు చెక్కు చెదరలేదు; తగిన విధముగా చెప్పిన ప్రతి పాత వాక్యము కొత్త గణితములోను నిజమే. సున్నతో మాత్రము అక్కడ కూడ భాగించరాదు.

రామానుజన్ 1913లో హార్డీకి వ్రాసిన లేఖలో 1+2+3+4... అను శ్రేణి మొత్తము ఋణ పండ్రెండవ వంతు అన్నాడు. తన సిద్ధాంతము ప్రకారమని ఆ లేఖలోనే చెప్పుకొన్నాడు. ఆ నాలుగు మాటలే దానికి ప్రాణము. ఇక్కడ మొత్తమనగా మనము అంగడిలో కూడు మొత్తము కాదు. శ్రేణికి ముందు ఒక సున్న చేర్చినను మొత్తము మారదను మామూలు నియమము కూడ ఇందులో చెల్లదు. ఆ వెల చెప్పక ఫలితమును మాత్రము వింతగా చూపువారు రామానుజన్‌కు కీర్తి తెచ్చుట లేదు. ఆయన గణితమును గారడి చేయుచున్నారు.

నేటి వర్తకులు

ఇక మన కాలపు వాదములను ఇదే రాతిమీద గీసి చూతము.

కోచింగు కాగితములోని “1÷0 = అనంతము” పూర్తిగా అబద్ధము కాదు; సగము చెప్పిన నిజము. 1ని 0.001చే భాగించిన 1000, ఋణ 0.001చే భాగించిన ఋణ 1000. సున్నకు కుడివైపునుండి వచ్చినవాడు పైకి పోవును, ఎడమవైపునుండి వచ్చినవాడు క్రిందికి పోవును. సంఖ్యారేఖ రెండు కొనలను ఒకే బిందువు వద్ద ముడివేసిన, ఈ తగవు తీరును. సంకీర్ణ సంఖ్యలకు రీమాన్ గోళము ఇట్టిదే. అక్కడ 1÷0 నిజముగనే అనంతము. కాని అక్కడను 0÷0కు, సున్నను అనంతముచే గుణించుటకు, అనంతమునకు అనంతము కలుపుటకు అర్థము లేదు. వెల స్పష్టముగా చెప్పిన బేరమిది. కాగితము సరకును చూపి, వెలను చింపివేసినది.

2006లో ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జేమ్స్ ఆండర్సన్, 0÷0కు ‘నల్లిటీ’ అని పేరు పెట్టి, పండ్రెండు వందల ఏండ్ల చిక్కు విడిపోయినదని బి.బి.సి. వార్తలలోనికి వచ్చినాడు. ఆ గణితమున నల్లిటీ నుండి నల్లిటీని తీసివేసిన సున్న రాదు, నల్లిటీయే వచ్చును. అది నిషిద్ధము కాదు. ఒక వ్యవస్థగా నిలువవచ్చును. కాని తనలోనుండి తనను తీసివేసిన సున్న అను నియమమును వదలి, చిక్కు తీరినదనుట పెద్దమాట. ఆ మాటకంటె రెండేండ్ల ముందే, 2004లో, స్వీడను గణితజ్ఞుడు యెస్పర్ కార్ల్‌స్ట్రోం ‘చక్రములు’ అను వ్యవస్థను ప్రకటించినాడు. అందును ప్రతి రాశిని సున్నచే భాగించవచ్చును. సున్నచే గుణించిన ఎల్లప్పుడును సున్న కాదని, ఏ నియమము ఎట్లు మారినదో ఒక్కొక్కటిగా చెప్పినాడు. వార్తలకు ఎక్కలేదు, విమర్శకు నిలిచినాడు.

జపాను గణితజ్ఞుడు సబురో సైతో ఏ సంఖ్యనైనను సున్నచే భాగించిన సున్న అని వాదించుచున్నాడు. ఒప్పందముగా ఇది మంచిదే. లీన్ వంటి నిరూపణ ప్రోగ్రాములలో 1÷0 = 0 అని వాడుకగా పెట్టుకొన్నారు; దానివలన కొన్ని సిద్ధాంతములకు నిబంధనల బరువు తగ్గును. కాని అక్కడ భాగించి తిరిగి గుణించిన పాత సంఖ్య వచ్చునను మాటకు, హారము సున్న కాదను నిబంధన అట్లే ఉన్నది. నిషేధము పోలేదు, ఒక గదినుండి మరొక గదికి మారినది. సైతోవారు దానిని ఒప్పందముగా గాక ప్రకృతిసత్యముగా చెప్పి, 90 డిగ్రీల కోణమునకు టాంజెంటు సున్న అన్నప్పుడు మాత్రము మనము ఆగవలెను. ఆ కోణమునకు దగ్గరైనకొలది టాంజెంటు హద్దు లేక పెరుగును. సరిగా అక్కడ సున్న అనుట ఒప్పందమే కాని కనుగొన్నది కాదు.

ఇదంతయు పండితుల వినోదమనుకొనరాదు. 1997లో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌనులో ఒక పట్టికలో సున్న చేర్చగా, కంప్యూటరు దానిచే భాగించబోయి, వరుసగా యంత్రములు నిలిచి, నౌక రెండు గంటలకు పైగా నడిసముద్రమున ఆగినది. కంప్యూటరులలో దశాంశ లెక్కలకు 1985లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణమున 1÷0కు అనంతము, 0÷0కు ‘సంఖ్య కానిది’ అను గుర్తు వచ్చునట్లు ఏర్పాటున్నది. ఆ ‘సంఖ్య కానిది’ తనతో తాను కూడ సమానము కాదు. ఎంత వింత! కాని ఆ వింతను ప్రమాణములో వ్రాసిపెట్టినారు, చదివినవాడు జాగ్రత్తపడగలడు. వెల తెలిసి కొనుట వేరు, మునిగిన తరువాత తెలిసికొనుట వేరు.

తిరిగి నోటుపుస్తకమునకు

నేను ఆ విద్యార్థిని పిలిచి నాలుగవ పుట తెరచినాను. “నీ తప్పు సున్నతో భాగించుట కాదు. ఇక్కడ ప్రశ్నార్థకము పెట్టి పుట తిప్పుట” అన్నాను. 2ఖ, ఖ ఒక్కటే అనుకొని, 0×ఖకు విలువ ఇవ్వక, మరల మొదలుపెట్టమన్నాను. వారము దినములలో పది పుటలు తెచ్చినాడు. తనకు తెలియకయే అతడు రీమాన్ గోళపు బీజగణితమునకు చాల దగ్గరగా వచ్చినాడు. ఏ నియమము పోయినదో చివరి పుటలో ఒక పట్టికగా వ్రాసినాడు. అది కొత్త శోధన కాదు. అయినను అది గణితము. మొదటి నలుబది పుటలు కావు.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు దారి పొడవున కోచింగు బోర్డులు, ర్యాంకుల ఫోటోలు కనబడును. అక్కడ చదువు పిల్లలను నేను తప్పుపట్టను. చెప్పు మిత్రులును తమ శక్తికొలది శ్రమించుచున్నారు. నా విమర్శ మన అందరి మీద, నాతో సహా. భాగించరాదని చెప్పినాము, భాగించిన ఏమి పోవునో చెప్పలేదు. కారణము తెలియని నిషేధము మూఢనమ్మకమగును. దానిని మీరినవాడెవడైనను, వెల చెప్పకున్నను, పిల్లల కంటికి వీరుడుగా కనబడును. 1 = 2 అను రెండు పంక్తులను ఆరవ తరగతిలోనే నల్లబల్ల మీద వ్రాయుటకు పది నిమిషములు చాలును. ఆ పది నిమిషములు ఇచ్చినచో, ఇకమీద మన పిల్లలు తెచ్చు నోటుపుస్తకములలో ప్రశ్నార్థకము ఉన్నచోట పుట తిరుగదు.